స్పెక్ట్రమ్ క్యాసెట్లు, స్టేషన్ రోడ్డు ఉస్తాద్

అటక మీద 1980ల నాటి హోమ్ కంప్యూటర్ క్యాసెట్లు పడి ఉండి, అందులోని ఫైళ్లు కావాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డేటా రికవరీ అని బోర్డు పెట్టుకున్న చోటికి పోకండి, టేప్ రికార్డర్ మెకానిక్ దగ్గరికి పోండి. కంప్యూటర్ మీద చేయాల్సింది ఇంట్లో పిల్లలు చేస్తారు, దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే. టేప్‌లోని చప్పుడును సరిగ్గా బయటికి తీయడమే అసలు పని. అది చేతిలో స్క్రూడ్రైవర్ పట్టి ముసలైనవాళ్లకే వస్తుంది.

మాకు అలాంటి మనిషి వరంగల్‌లోనే దొరికాడు. స్టేషన్ రోడ్డు నుంచి పక్కకు తిరిగే ఒక గల్లీలో చిన్న మడిగె. ముందర బాగుకు వచ్చిన మిక్సీలు, లోపల గోడ పొడవునా యాంప్లిఫయర్లు, మైక్ సెట్లు. అందరూ ఉస్తాద్ అంటారు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి నేనూ ఉస్తాద్ అనే రాస్తాను. పనికి అయిదుకు అయిదు. రశీదు ఇవ్వడానికి, ఫోన్ ఎత్తడానికి, ఫైళ్లకు పేర్లు పెట్టడానికి అన్నీ కలిపి ఒకటిన్నర.

మా క్యాసెట్ల సంగతి చెప్పాలి. మా చిన్నాయన జగిత్యాల నుంచి దుబాయ్ పోయినవాడు. 1986లో సెలవు మీద వచ్చినప్పుడు అందరూ తెచ్చే, రేడియో టేప్ రికార్డర్ కలిసి ఉండే టూ ఇన్ వన్‌తో పాటు సింక్లెయిర్ స్పెక్ట్రమ్ ప్లస్ అనే కంప్యూటర్ కూడా తెచ్చాడు, అన్న ఇక్కడ ఆర్‌ఈసీలో, అంటే ఇప్పటి ఎన్‌ఐటీలో, చదువుతున్నాడని. బ్రిటన్‌లో 1982లో వచ్చిన స్పెక్ట్రమ్‌కే కాస్త మంచి కీబోర్డు పెట్టి 1984లో అమ్మిన మోడల్ అది. మెమరీ 48 కేబీ. తెర అంటే ఇంట్లో ఉన్న టీవీనే. డిస్క్ లాంటిదేమీ లేదు. ఫైల్‌ను కీచుమనే చప్పుడుగా మార్చి మామూలు పాటల క్యాసెట్ మీద రికార్డ్ చేయడం, కావలసినప్పుడు ఆ చప్పుడు విని మళ్లీ మెమరీలోకి తీసుకోవడం, అంతే. పుణెలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఇదే యంత్రాన్ని డీబీ స్పెక్ట్రమ్ పేరుతో అమ్మారు. కాబట్టి గల్ఫ్ చుట్టాలు లేని ఇళ్లలో కూడా ఇలాంటి క్యాసెట్లు ఉండవచ్చు.

అన్న దాని మీద ఆటలు ఆడాడు, ఆడనిచ్చినప్పుడు నేనూ ఆడాను. కానీ మాకు కావలసింది ఆటలు కాదు. అమ్మ మా వాడకట్టులో చిట్టీలు నడిపేది. నెలకు అయిదు వందలు, ఇరవై మంది. ఆ లెక్కంతా అన్న స్పెక్ట్రమ్‌లో పెట్టాడు, అదీ తెలుగులో. గిర్నీ ఆమె చివరి రెండు నెలల పైసలు ఇయ్యలేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఎనభై దగ్గర పడ్డా ఆ మాట మారలేదు. పుస్తకం లెక్క చెదలు తిన్నది. మిగిలింది క్యాసెట్లే.

మొదట హనుమకొండలో పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఒక స్టూడియోకు ఇచ్చాను. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, డబ్బులూ న్యాయంగానే తీసుకున్నారు. కానీ పాటల క్యాసెట్‌కు చేసే సేవలన్నీ దీనికీ చేశారు. గరగర తీసేశారు, మధ్యలో ఉన్న ఖాళీలు కత్తిరించారు, ఎంపీ3 చేసి ఇచ్చారు. స్పెక్ట్రమ్ ప్రతి ఫైల్‌కూ ముందు కొన్ని సెకన్ల పాటు ఒకే తీరున కూత పెడుతుంది. అది విన్నాకే కంప్యూటర్ చదవడానికి సిద్ధమవుతుంది. గరగర తీసే సాఫ్ట్‌వేర్ ఆ కూతనే గరగర అనుకుని చాలావరకు చెరిపేసింది. ఎంపీ3 ఒక్కటే అయితే ఒక్కోసారి నడుస్తుంది. ఈ శుభ్రం చేయడం మాత్రం అస్సలు పనికిరాదు.

తర్వాత హైదరాబాద్‌లో ఒక డేటా రికవరీ సెంటర్. కౌంటర్‌లో ఉన్న పిల్లవాడు క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో హార్డ్ డిస్క్ ఎక్కడుంది మేడం అన్నాడు. దాని గురించి ఇంతకన్నా రాయడానికేమీ లేదు.

ఆన్‌లైన్‌లో దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ కూడా కొన్నాం. పదహారు వందలు. పాటలు వినడానికి ఫర్వాలేదు. అందులో మోటారు తిరిగే వేగం క్షణక్షణానికి మారుతుంది. టేప్ మొదటి నుంచి చివరి దాకా కొంచెం వేగంగానో నెమ్మదిగానో పోతే స్పెక్ట్రమ్ సర్దుకుంటుంది, ఊగుతూ పోతే సర్దుకోలేదు. నలభై ఏళ్ల కింది పాటను ఊగుతూ వింటే మనకు బాగానే ఉంటుందేమో, కంప్యూటర్‌కు ఉండదు.

ఎందుకింత సున్నితమో మా పిల్ల లెక్క గట్టి చూపించింది. స్పెక్ట్రమ్ ఒక సున్నాను సుమారు 0.49 మిల్లీసెకన్ల అలగా, ఒకటిని దానికి రెట్టింపు అలగా రాస్తుంది. చప్పుడు పెద్దదా చిన్నదా అన్నది ముఖ్యం కాదు, అల పొడవే ముఖ్యం. క్యాసెట్ టేప్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. అంటే ఒక సున్నాకు టేప్ మీద దక్కే చోటు 0.023 మిల్లీమీటర్లు. మోనో రికార్డర్ రాసే ట్రాక్ వెడల్పు 1.5 మిల్లీమీటర్లు. టేప్‌కు ఆనుకుని చప్పుడును చదివే ముక్కను హెడ్ అంటారు. అది ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగినా, ట్రాక్ పై అంచు దగ్గర ఒక బిట్టు (అంటే ఒక సున్నా గానీ ఒకటి గానీ), కింది అంచు దగ్గర దాని పక్క బిట్టు వినిపిస్తాయి. రెండూ కలిసిపోయి అంచులు మొద్దుబారతాయి. చెవికి అది కాస్త బొంగురుగా అనిపిస్తుంది, అంతే. కంప్యూటర్ మాత్రం టేప్ లోడింగ్ ఎర్రర్ అని ఆగిపోతుంది.

ఈ లెక్కలేవీ ఉస్తాద్‌కు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు. క్యాసెట్ చేతికి ఇవ్వగానే ఆయన చేసిన మొదటి పని, వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ చెవులను స్క్రూడ్రైవర్‌తో టక్కున విరగ్గొట్టడం. అవి లేకపోతే పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా నొక్కుకోదు. తర్వాత హెడ్‌ను, రబ్బరు రోలర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచాడు. దూది గోధుమరంగుకు తిరగడం ఆగేదాకా తుడిచాడు. ఆ తర్వాత క్యాసెట్‌ను ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పూర్తిగా తిప్పాడు. ఏళ్లకు ఏళ్లు కదలని టేప్ చుట్ట బిగుసుకుని ఉంటుందట, అలా తిప్పితే వదులవుతుంది.

అప్పుడు ప్లే నొక్కాడు. కూత మొదలైంది. ఆయన కళ్లు మూసుకుని కొంచెంసేపు విన్నాడు.

"గిది పాట కాదు గదా మేడం?"

కంప్యూటర్ లెక్కలు భాయ్, చిట్టీ లెక్కలు అన్నాను.

"ఏ టేప్‌ల రికార్డ్ చేసిండ్రు?"

దుబాయ్ టూ ఇన్ వన్‌లో అన్నాను. ఆయన క్యాసెట్ ఆడించే తన డెక్ మూత తీసేసి, హెడ్ పక్కన ఎడమవైపు, స్ప్రింగు మీద కూర్చున్న చిన్న స్క్రూ చూపించాడు. దాని తల మీద, పక్కన రేకు మీద కలిపి ఒక ఎర్ర గీత గీశాడు, గోళ్లరంగుతో. ఆ సీసా ఆయన టేబుల్ మీద సోల్డరింగ్ ఐరన్ పక్కనే ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా ఆ రెండు ముక్కల గీత మళ్లీ ఒక్కటి చేస్తే హెడ్ పాత చోటికి వచ్చినట్టే. ఇక స్క్రూ తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పడం అంటే తిప్పడం కాదు, వేలు ఆనించడం. చప్పుడు దుప్పట్లోంచి వస్తున్నట్టు ఉన్నది కాస్తా ఒకచోట పదునెక్కింది. ఇంకొంచెం పోతే మళ్లీ మందమైంది. వెనక్కి తెచ్చి ఆపాడు.

"చప్పుడు చెవుల గుచ్చుకోవాలె. ఇగో, గిది." తర్వాత నావైపు తిరిగి అన్నాడు: "నా హెడ్డు వంకర గాదు మేడం, మీ అన్న టేపే వంకర. గందుకే నా హెడ్డును గూడ గంతే వంకర చేసిన."

వంకరగా విత్తిన పత్తి సాళ్లలో గుంటుక కూడా వంకరగానే తోలాలి కదా, అదే ఇది. స్టూడియోలో డెక్ మంచిదే. హెడ్ నిటారుగా ఉంది. మా టూ ఇన్ వన్ హెడ్ నిటారుగా లేదు. మంచి డెక్‌లో మంచిగా వస్తుందని ఎవరైనా అనుకుంటారు, ఈ క్యాసెట్లకు మాత్రం ఏ యంత్రం రాసిందో దాని వంపు పట్టుకోవడమే ముఖ్యం. అందుకే ఆయన ప్రతి క్యాసెట్‌కూ, ఒక్కోసారి ప్రతి సైడ్‌కూ మళ్లీ వేలు పెట్టాడు. మధ్యలో అన్న స్నేహితుడి టేప్ రికార్డర్ వాడినట్టున్నాడు, రెండు క్యాసెట్లు పూర్తిగా ఇంకో వైపు ఒరిగి ఉన్నాయి.

ఒక క్యాసెట్‌లో చప్పుడే లేదు. విప్పితే టేప్ బాగానే ఉంది, దాన్ని హెడ్‌కు ఒత్తి పట్టే ఉన్ని ముక్క రాలిపోయింది. గోరు మీద నిలిచేంత చిన్న ముక్క, రాగి రంగు రేకు మీద అంటించి ఉంటుంది. గమ్ము ఎండిపోయి ఊడింది. ఉస్తాద్ దగ్గర చచ్చిపోయిన క్యాసెట్ల డబ్బా ఒకటి ఉంది. అందులోంచి అయిదు స్క్రూలు ఉన్న పెట్టె ఒకటి ఏరి, మా టేప్ చుట్టలు రెండింటినీ దాంట్లోకి మార్చాడు. మాది స్క్రూలు లేని, అంచులు కరిగించి అతికించిన రకం. దాన్ని బ్లేడుతో చీల్చాల్సి వచ్చింది. ఇది చేస్తున్నంతసేపు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. యాంప్లిఫయర్ కోసం వచ్చిన భజన మండలి వాళ్లు బయటే నిలబడ్డారు. ఈ క్యాసెట్ సంగతి గుర్తు పెట్టుకోండి, దీనితో పని పడింది.

రికార్డింగ్ ఆయన కొడుకు లాప్‌టాప్‌లో అవుతుంది, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో. మీరు అడగాల్సినవి అడగండి: చప్పుడును కుదించకుండా ఉంచే వేవ్ ఫైల్ కావాలి, 44,100 హెర్ట్జ్, 16 బిట్లు, స్టీరియో. స్టీరియో ఎందుకంటే హెడ్‌లో రెండు భాగాలు ఆ ట్రాక్‌ను పైసగం, కిందిసగం వేర్వేరుగా చదువుతాయి. ఒక సగమే తీసుకుంటే ఒరిగిన హెడ్ దెబ్బ తగ్గుతుంది. ఒకవైపు టేప్ నలిగి ఉంటే రెండోవైపు పనికొస్తుంది. రెండూ కలిపి మోనో, అంటే ఒకే ఛానల్, చేస్తే ఆ లాభం పోతుంది. డెక్‌లో గరగర తగ్గించే డాల్బీ ఆపమనండి, గరగర తీయొద్దనండి. అరగంట సైడ్‌కు మూడు వందల ఎంబీ దాటుతుంది, పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకుపోండి.

ఇంకొకటి. అన్న క్యాసెట్ కాగితం మీద 'కౌంటర్ 112, చిట్టీ 3' అని రాసుకున్నాడు. ఆ నంబర్లను నమ్మి అక్కడి నుంచే రికార్డ్ చేయమని అడగకండి. కౌంటర్ లెక్కపెట్టేది చుట్ట తిరిగే చుట్లను, ఒక్కో కంపెనీ ఒక్కో తీరున. వేరే డెక్‌లో 112 ఎక్కడికో పోతుంది. సైడ్ మొత్తం చేయించుకోవాలి. మాకు అలా చేయించినందుకు ఫైళ్ల మధ్య రేడియో వార్తలు ఒక ముక్క, అన్న అప్పటి దగ్గు ఒకటి అదనంగా వచ్చాయి.

ఇక ఇంట్లో పని. ఇప్పటి కంప్యూటర్‌ను స్పెక్ట్రమ్‌లా నడిపించే ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్, దానితో పాటు వచ్చే ఆడియో2టేప్ అనే చిన్న ప్రోగ్రాం, ఇవి రెండూ ఉచితం. ఆడియో2టేప్‌కు వేవ్ ఫైల్ ఇస్తే అందులోని బ్లాకులను విడదీసి ఇస్తుంది. ప్రతి ఫైల్‌కూ ముందు 17 బైట్ల హెడర్ ఉంటుంది, పది అక్షరాల పేరు, పొడవు అందులోనే. ప్రతి బ్లాకు చివర ఒక చెక్‌సమ్ బైటు. ఎక్కడో ఒక బిట్టు తప్పు వచ్చిందని అది చెప్తుంది, ఏ బిట్టో చెప్పదు. అప్పుడు ఎడమ ఛానల్‌తో కుదరకపోతే కుడి ఛానల్‌తో చూడాలి. అన్నకు ప్రతి ఫైల్‌నూ రెండుసార్లు సేవ్ చేసే అలవాటు ఉండేది. అప్పట్లో స్పెక్ట్రమ్ వాడినవాళ్లలో చాలామంది అలాగే చేసేవారు. ఆ అలవాటు మమ్మల్ని చాలా కాపాడింది.

చిట్టీ ఫైల్ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల చిందరవందర. బొత్తిగా అర్థం లేదు. పాడైందనుకుని నా పిల్ల మళ్లీ మొదటి నుంచి చేయబోయింది. అన్నకు ఫోన్ చేస్తే, "లిపి అని ఇంకో ఫైల్ ఉండాలె, అది ముందు ఎక్కించాలె" అన్నాడు. అది ఉన్నది ఉన్ని ఊడిపోయిన క్యాసెట్‌లో.

అన్న చేసింది నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలిసింది. స్పెక్ట్రమ్‌లో మనం సొంతంగా గీసుకోవడానికి ఇచ్చిన గళ్లు 21. తెలుగుకు అవి ఏ మూలకు సరిపోతాయి? అందుకని ఇంగ్లిష్ అక్షరాల పట్టిక మొత్తాన్నే పక్కకు నెట్టి తన పట్టిక పెట్టాడు. ఒక్కో అక్షరం ఎనిమిది చుక్కలు అడ్డం, ఎనిమిది చుక్కలు నిలువు, 96 అక్షరాలకు 768 బైట్లు. పట్టిక ఎక్కడుందో కంప్యూటర్ 23606, 23607 చిరునామాల్లో చూసుకుంటుంది. అన్న పట్టిక 64000 దగ్గర మొదలవుతుంది కాబట్టి, 23606లో 0, 23607లో 249 పోక్ చేయాలి, అంటే ఆ చిరునామాల్లో ఆ అంకెలు రాయాలి. చేసి ఎంటర్ నొక్కగానే తెర మీద తలకట్లు లేచాయి. ఎనిమిది చుక్కల్లో గుణింతం ఇరకదు కాబట్టి అచ్చుగుర్తులు పక్క గడిలో, ఒత్తులు కింది వరసలో. వరసకు 32 గళ్లే, ఒక లక్ష్మిని రాసేసరికి ఎన్నో గళ్లు తినేస్తుంది. 'ష'కూ 'ప'కూ తేడా ఒక్క చుక్క. యూనికోడ్ మొదటి రూపం 1991లో వచ్చింది, ఇది 1987. ఇంట్లో కూర్చుని గళ్ల కాగితం మీద ఇంత పని చేసినవాడు, ఇప్పుడు ఫోన్‌లో తెలుగు టైప్ చేయమంటే వాయిస్ మెసేజ్ పంపుతాడు.

లెక్క చదివి అమ్మకు వినిపించాం. గిర్నీ ఆమె పైసలన్నీ కట్టింది, చివరి నెల కూడా. రెండు నెలలు కట్టనిది మా చిన్నమ్మ, అమ్మ సొంత చెల్లెలు. చిట్టీ లేపుకున్నాక కట్టలేదు. అమ్మ కొంచెంసేపు ఊరుకుని, "మీ అన్న తప్పు కొట్టిండు" అన్నది. చెక్‌సమ్ సరిపోయిందని ఆమెకు చెప్పే ధైర్యం మాకెవరికీ లేదు.

మీ క్యాసెట్లు స్పెక్ట్రమ్‌వి కాకపోయినా పద్ధతి ఇదే. 1984లో మొదలైన క్లాస్ అనే ప్రభుత్వ ప్రాజెక్టు కింద బడుల్లోకి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు వచ్చాయి, టీచర్ల ఇళ్లలో వాటి క్యాసెట్లు ఉండవచ్చు. అవి ఇంకా సులువు. ఫైల్‌ను 256 బైట్ల ముక్కలుగా రాస్తాయి, ప్రతి ముక్క మీదా ఫైల్ పేరు, ముక్క నంబరు ఉంటాయి. ఒకటి పోయినా మిగతావి నిలుస్తాయి. కమోడోర్ 64 అనే కంప్యూటర్ అయితే ప్రతి ఫైల్‌నూ తనంతట తానే రెండుసార్లు రాస్తుంది.

ఉస్తాద్ రేట్లు: సైడ్‌కు రెండు వందలు, ఉన్ని ముక్కకు యాభై, పెట్టె మార్చడానికి వంద. చప్పుడు రాని సైడ్‌కు పైసా తీసుకోలేదు. నగదే, ఫోన్‌లో పంపుతానంటే కొడుకు వచ్చేదాకా ఆగమంటాడు. ఆ కొడుకు ఫైళ్లకు పెట్టిన పేర్లు 'కొత్తది', 'కొత్తది ఫైనల్', 'మేడం ఫైనల్'. ఏది ఏ క్యాసెట్టో తేల్చడానికి మాకు ఒక ఆదివారం పట్టింది. కాబట్టి ఇచ్చేటప్పుడే క్యాసెట్లకు నంబర్లు రాసి ఇవ్వండి, అవే ఫైళ్లకు పెట్టమని దగ్గరుండి చెప్పండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసి ఉంటుంది. ఫోన్ ఎత్తడు, నేరుగా పోవాల్సిందే. వినాయక చవితి నుంచి బతుకమ్మ అయ్యేదాకా, మేడారం జాతర ఉన్న ఏడు అయితే మాఘమాసంలో కూడా, అసలు పోకండి. ఆ రోజుల్లో మైక్ సెట్ల వాళ్లదే లైను, మీ క్యాసెట్ పాత మిక్సీల కింద ఎక్కడో ఉంటుంది.